చిన్నపేగు చివరిదాకా: క్యాప్సూల్ ఎండోస్కోపీ పరీక్ష నాణ్యత

క్యాప్సూల్ ఎండోస్కోపీ అంటే మింగే కెమెరాతో చిన్నపేగు లోపలి గోడను చూసే పరీక్ష. ఈ క్యాప్సూల్ పొడవు సుమారు 26 మి.మీ., అడ్డుకొలత 11 మి.మీ., బరువు 4 గ్రాముల లోపు. కటకం, చిన్న దీపాలు, చిత్రాన్ని పట్టే చిప్, బ్యాటరీలు, రేడియో ప్రసారిణి అన్నీ ఆ కాస్త చోటులోనే ఇముడుతాయి. రోగి దాన్ని నీళ్లతో మింగుతాడు. అక్కడి నుంచి దాన్ని ముందుకు తోసేది పేగు కదలికలే. తీసిన ప్రతి ఫోటో నడుముకు కట్టిన రికార్డరుకు చేరుతుంది. పని అయ్యాక క్యాప్సూల్ మలంతో పాటు బయటికి పోతుంది. దాన్ని మళ్లీ వాడరు.

ఈ ఆలోచన ఇజ్రాయెల్ ఇంజినీరు గావ్రియెల్ ఇడ్డాన్‌ది. క్షిపణులకు దారి చూపే కెమెరాల మీద పనిచేసిన ఆయన 1981లో అమెరికాలోని బోస్టన్‌లో ఉన్నప్పుడు, పొరుగున ఉండే జీర్ణకోశ వైద్యుడు ఈటన్ స్కాపాతో మాటల్లో చిన్నపేగును చూడలేకపోవడం అనే సమస్య వచ్చింది. లండన్‌లో పాల్ స్వేన్ అనే వైద్యుడు విడిగా ఇదే ప్రయత్నంలో ఉన్నాడు. తరవాత రెండు బృందాలూ కలిశాయి. 2000లో ‘నేచర్’ పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది. 2001 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది.

చిన్నపేగుకే ఇంత ప్రత్యేక ఏర్పాటు ఎందుకంటే, మామూలు ఎండోస్కోపులు రెండు వైపుల నుంచి వచ్చినా దాని కొసలనే తాకుతాయి. నోటి ద్వారా పంపే గొట్టం జీర్ణాశయం దాటి డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) దగ్గర ఆగుతుంది. మలద్వారం నుంచి పంపేది పెద్దపేగంతా చూసి, చిన్నపేగు చివరి కొద్ది సెంటీమీటర్లలోకి మాత్రమే తొంగి చూడగలదు. మధ్యలో మిగిలేది సుమారు ఆరు మీటర్ల పేగు. ఎంత వెతికినా కారణం దొరకని రక్తహీనత, నల్లటి మలం, పేగుకు వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి, అరుదుగా వచ్చే కణితులు చాలాసార్లు ఆ భాగంలోనే దాగి ఉంటాయి.

క్యాప్సూల్‌కు ఉన్న గొప్ప సౌకర్యమే దాని బలహీనత కూడా. మత్తు అక్కర్లేదు, నొప్పి లేదు, రోగి తన పనులు తాను చేసుకోవచ్చు. కానీ మామూలు ఎండోస్కోపు వైద్యుడి చేతిలో ఉంటుంది. మురికి అడ్డొస్తే నీళ్లు చిమ్మి కడుగుతాడు, ద్రవాన్ని పీల్చేస్తాడు, గాలి పంపి ముడతలు విప్పుతాడు, అనుమానం వస్తే వెనక్కి వచ్చి మళ్లీ చూస్తాడు, ముక్క తీస్తాడు. క్యాప్సూల్ ఇవేవీ చేయలేదు. నురగ మధ్య నుంచి వెళ్తే నురగనే ఫోటో తీస్తుంది. దాని కన్ను ఎటు తిరిగి ఉంటే అటే చూస్తుంది. బ్యాటరీ అయిపోతే ఎక్కడున్నా అక్కడితో ఫోటోలు ఆగిపోతాయి. అందుకే ఈ పరీక్ష నాణ్యత చాలావరకు క్యాప్సూల్ మింగకముందు జరిగే ఏర్పాట్ల మీద, బయటికి వచ్చాక ఫోటోలు చూసే పద్ధతి మీద ఆధారపడుతుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ‘అంతా మామూలుగానే ఉంది’ అనే రిపోర్టు రెండు విధాలుగా రావచ్చు. పేగు నిజంగా ఆరోగ్యంగా ఉండవచ్చు, లేదా రోగమున్న భాగం కెమెరాకు కనపడకపోయి ఉండవచ్చు. కాగితం మీద ఆ రెండూ ఒకేలా ఉంటాయి. రెండో రకం రిపోర్టు పట్టుకుని ఇంటికి వెళ్లిన రోగికి రక్తం పోతూనే ఉంటుంది, కణితి ఉంటే పెరుగుతూనే ఉంటుంది.

సీకమ్ చేరిందా?

చిన్నపేగు ముగిసి పెద్దపేగు మొదలయ్యే చోటును సీకమ్ అంటారు. బ్యాటరీ అయిపోయేలోపు సీకమ్ ఫోటో వస్తేనే పరీక్ష పూర్తయినట్టు లెక్క. తొలి తరం క్యాప్సూళ్లలో ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి ఇది జరిగేది కాదు. యూరోపియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఇంటెస్టినల్ ఎండోస్కోపీ 2019లో ప్రకటించిన నాణ్యతా ప్రమాణాల ప్రకారం, ఒక కేంద్రంలో చేసే పరీక్షల్లో కనీసం 80 శాతం సీకమ్ దాకా పూర్తి కావాలి. చేరుకోవాల్సిన లక్ష్యం 95 శాతం. కనీసానికీ లక్ష్యానికీ మధ్య ఇంత దూరం ఉందంటే, జాగ్రత్తతో మెరుగుపరచగలిగింది ఇంకా చాలా ఉందని అర్థం.

ఆలస్యం ఎక్కువగా జీర్ణాశయంలోనే జరుగుతుంది. ఆరోగ్యవంతుల్లో క్యాప్సూల్ అరగంట నుంచి గంటలోపు పైలోరస్ ద్వారం దాటి డుయోడినమ్‌లోకి దిగుతుంది. ఆ తరవాత చిన్నపేగు ప్రయాణానికి సగటున నాలుగు గంటలు పడుతుంది. ఎనిమిది గంటల బ్యాటరీకి ఇది సరిపోవాలి. కానీ క్యాప్సూల్ జీర్ణాశయంలోనే మూడు, నాలుగు గంటలు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతే, చిన్నపేగు చివరి భాగానికి బ్యాటరీ మిగలదు. క్రోన్స్ వ్యాధి, క్షయ ఎక్కువగా పట్టుకునేది సరిగ్గా ఆ చివరి భాగాన్నే.

ఎవరిలో ఇలా జరుగుతుందో ముందే ఊహించవచ్చు. చాలాకాలంగా మధుమేహం ఉండి జీర్ణాశయపు నరాలు దెబ్బతిన్నవాళ్లలో, గతంలో పేగు ఆపరేషన్ జరిగినవాళ్లలో, ఆస్పత్రిలో మంచం పట్టి ఉన్నవాళ్లలో అసంపూర్ణ పరీక్షలు ఎక్కువ. నడవకుండా పడుకుని ఉండటం ఒక కారణమైతే, నొప్పి తగ్గడానికి ఇచ్చే మార్ఫిన్ జాతి మందులు పేగు కదలికలను మందగింపజేయడం ఇంకో కారణం. మధుమేహానికి, బరువు తగ్గడానికి ఇప్పుడు విరివిగా వాడుతున్న జీఎల్‌పీ-1 తరగతి మందులు కూడా జీర్ణాశయం ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. కాబట్టి రోగి వాడే మందుల చీటీ అంతా ముందుగా చదవడం పరీక్షలో భాగమే. చాలా చోట్ల ఈ పని హడావుడిలో జారిపోతుంది.

పేగును తొందరపెట్టే మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్ వంటి మందులను అందరికీ ముందే ఇచ్చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. వైద్య మార్గదర్శకాలు ఆ పద్ధతిని సిఫారసు చేయవు. క్యాప్సూల్ నిజంగా ఎక్కడుందో చూసి నిర్ణయించడం మేలు. ఇప్పటి రికార్డర్లకు అప్పటికప్పుడు చిత్రం చూపే తెర ఉంటుంది. మింగిన అరగంటకో గంటకో నర్సు ఆ తెర మీద చూడాలి. చూషకాలు, అంటే చిన్నపేగు గోడ మీద మఖ్మల్‌లా కనిపించే సన్నటి నూగు, కనపడితే క్యాప్సూల్ దిగినట్టే. ఇంకా జీర్ణాశయపు మందపాటి మడతలే కనిపిస్తుంటే అప్పుడు మందు ఇవ్వాలి. దానికీ కదలకపోతే ఎండోస్కోపు పంపి క్యాప్సూల్‌ను డుయోడినమ్‌లోకి చేర్చాలి. మింగడమే కష్టమైన పిల్లలకు, వృద్ధులకు మొదటి నుంచే ఎండోస్కోపుతో లోపలికి చేరుస్తారు. తెర మీద చూడటానికి పట్టేది రెండు నిమిషాలు. అసంపూర్ణ పరీక్షలను తగ్గించే మార్గాల్లో ఇంత చౌకైనది మరొకటి లేదు.

బ్యాటరీ వైపు నుంచి కూడా మార్పు వచ్చింది. కొత్త తరం క్యాప్సూళ్లు 12 గంటలు, కొన్ని అంతకన్నా ఎక్కువసేపు పనిచేస్తాయి. ఇవి వచ్చాక చాలా కేంద్రాల్లో సీకమ్ చేరే రేటు 90 శాతం దాటింది. అయితే బ్యాటరీ మిగిలి ఉన్నా, ఆస్పత్రి మూసే వేళ అయిందని ఎనిమిది గంటలకే రికార్డరు విప్పేస్తే ఆ లాభం పోతుంది. విప్పే ముందు తెర మీద సీకమ్ కనిపించిందో లేదో చూడాలి. కనిపించకపోతే రోగిని రికార్డరుతోనే ఇంటికి పంపి, మరుసటి రోజు వెనక్కి తెప్పించుకోవచ్చు.

చైనాలో ఈ సమస్యను అయస్కాంతంతో ఎదుర్కొన్నారు. బయటి అయస్కాంతంతో క్యాప్సూల్‌ను తిప్పే పద్ధతిని మొదట జీర్ణాశయాన్ని చూడటానికే తయారుచేశారు. తరవాత దాన్ని క్యాప్సూల్‌ను పైలోరస్ వైపు నడిపి దాటించడానికి కూడా వాడి, జీర్ణాశయంలో గడిచే కాలాన్ని తగ్గించారు.

గోడ కనిపించిందా?

సీకమ్ చేరినంత మాత్రాన పేగంతా చూసినట్టు కాదు. పైత్యరసం, గాలి బుడగలు, ఆహారపు తునకలు కటకానికీ గోడకూ మధ్య తెరలా నిలుస్తాయి. పేగు మొదటి భాగంలో నురగ ఎక్కువ. కిందికి పోయేకొద్దీ ద్రవం చిక్కబడి ముదురు రంగుకు తిరుగుతుంది. చివరి మూడో వంతులోనే గోడ కనిపించడం బాగా తగ్గుతుంది. అక్కడ రెండు మి.మీ. పుండు ఉంటే దాన్ని కప్పెయ్యడానికి కాస్త మలినం చాలు.

తొలి ఏళ్లలో రాత్రి భోజనం మానేసి, పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో ఉండటమే సరిపోతుందని భావించారు. పాలీఇథిలీన్ గ్లైకాల్ కలిపిన రెండు లీటర్ల విరేచన ద్రావణం తాగిస్తే గోడ మరింత స్పష్టంగా కనపడుతుందని తరవాతి అధ్యయనాలు చూపించాయి. నురగను అణచే సిమెథికోన్‌ను దానికి తోడుగా ఇస్తారు. ఈ ద్రావణం చేసే మేలు ఏమిటో సరిగ్గా గుర్తుంచుకోవాలి. అది గోడను కనపడేలా చేస్తుంది. క్యాప్సూల్‌ను వేగంగా సీకమ్‌కు చేర్చడంలో దాని పాత్ర పెద్దగా లేదు. అంటే శుభ్రతకు ఒక ఏర్పాటు, చేరికకు మరో ఏర్పాటు కావాలి. ఒకటి చేసి రెండోది అయిపోయిందనుకోవడం పొరపాటు.

మందు కంటే ముందు ఆహారం గురించి చెప్పాలి. పరీక్షకు ముందు రోజు పీచు, గింజలు, తొక్కలు ఉన్నవి మానాలి. ఆకుకూరలు, జామకాయ, టమాటా గింజలు, మినప్పొట్టు వంటివి ఫోటోల్లో నల్లటి, ఎర్రటి మచ్చల్లా కనపడి పుండునో రక్తాన్నో తలపిస్తాయి. సాయంత్రం నుంచి పారదర్శకమైన ద్రవాలే తాగాలి. కొబ్బరినీళ్లు, వడకట్టిన చారునీళ్లు, గింజ లేని పళ్లరసం ఫర్వాలేదు. పాలు, మజ్జిగ పనికిరావు. మన ఇళ్లలో ‘ద్రవాహారం’ అనగానే మజ్జిగ గుర్తుకొస్తుంది కాబట్టి, ఈ సంగతి రోగికి విడిగా చెప్పకపోతే తెల్లటి పొరతో కప్పిన పేగే ఫోటోల్లో వస్తుంది.

ఐరన్ మాత్రలు ఇంకో చిక్కు. క్యాప్సూల్ పరీక్షకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది రక్తహీనతతో బాధపడేవాళ్లే, వాళ్లలో ఎక్కువమంది ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లే. ఐరన్ పేగులో నల్లటి పూతలా అంటుకుంటుంది. దాన్ని కనీసం వారం ముందు ఆపాలి. పరీక్షకు తేదీ ఇచ్చే రోజునే ఈ మాట చెప్పాలి. ముందురోజు ఫోన్ చేసి చెబితే అప్పటికే ఆలస్యం అవుతుంది. క్యాప్సూల్ మింగిన రెండు గంటల తరవాత పారదర్శక ద్రవాలు, నాలుగు గంటల తరవాత తేలికపాటి అల్పాహారం తీసుకోవచ్చు. ఆకలితో నీరసించిపోయిన రోగి ఆత్రపడి ముందే తినకుండా ఈ వేళలను కాగితం మీద రాసివ్వడం మంచిది.

శుభ్రతను కొలవకుండా ‘బాగుంది’, ‘ఫర్వాలేదు’ అని రాస్తే ఒక వైద్యుడి ‘బాగుంది’కీ మరో వైద్యుడి ‘బాగుంది’కీ పొంతన ఉండదు. అందుకే కొలమానాలు పుట్టాయి. కొన్ని గోడ ఎంత భాగం కనిపిస్తోందో, ఎంత భాగం మలినంతో కప్పి ఉందో అంచనా వేసి అంకెలిస్తాయి. కొన్ని ఆ పనిని కంప్యూటరుకే అప్పగిస్తాయి. శుభ్రమైన గోడ ఫోటోలో ఎర్రదనం ఎక్కువ, పైత్యరసం నిండిన చోట ఆకుపచ్చ ఎక్కువ. కంప్యూటరు ఈ రెండు రంగుల నిష్పత్తిని లెక్కగట్టి మనిషి ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా శుభ్రతను అంచనా వేస్తుంది. ఏ కొలమానమైనా సరే, ఒక కేంద్రం ఒకదాన్ని ఎంచుకుని ప్రతి పరీక్షకూ వాడితే తమ ఏర్పాట్లు మెరుగవుతున్నాయో దిగజారుతున్నాయో తెలుస్తుంది. యూరప్ ప్రమాణాల ప్రకారం 95 శాతం పరీక్షల్లో పేగు తగినంత శుభ్రంగా ఉండాలి.

ఇంకో అడ్డంకి వేగం. ఆరు మీటర్లను నాలుగు గంటల్లో దాటితే నిమిషానికి సగటున రెండున్నర సెంటీమీటర్లు. ఇది చీమ నడక కన్నా నెమ్మది. సగటు ఇలా ఉన్నా, డుయోడినమ్ వంపు దగ్గర క్యాప్సూల్ ఒక్కసారిగా జారిపోతుంది. సెకనుకు రెండే ఫోటోలు తీసే తొలి క్యాప్సూళ్లకు ఆ జారుడులో పది సెంటీమీటర్ల గోడ కనపడకుండా పోవచ్చు. పైత్యరసం డుయోడినమ్‌లోకి వచ్చే చోట పాపిల్లా అనే చిన్న బుడిపె ప్రతి మనిషికీ ఉంటుంది. తొలి తరం క్యాప్సూళ్లు దాన్ని సగానికి పైగా మందిలో పట్టుకోలేకపోయాయి. అందరికీ ఉండే బుడిపే తప్పిపోతుంటే, కొందరికే ఉండే కణితి సంగతి వేరే చెప్పాలా? అందుకే క్యాప్సూల్ ఎంత చూడగలుగుతోందో అంచనా వేయడానికి పరిశోధకులు పాపిల్లాను గురుతుగా పెట్టుకున్నారు. తరవాతి నమూనాలు కదలికను పసిగట్టి, నిలిచి ఉన్నప్పుడు సెకనుకు రెండు ఫోటోలు, జారుతున్నప్పుడు ఆరు ఫోటోలు తీస్తాయి. ఒక నమూనాలో కెమెరాలు ముందు కొసన కాకుండా నడుము చుట్టూ నాలుగు ఉంటాయి. అది గోడను నలువైపులా చూస్తుంది, పాపిల్లాను మరింత తరచుగా పట్టుకుంటుంది. అయితే ఫోటోలను ప్రసారం చేయకుండా తనలోనే దాచుకుంటుంది కాబట్టి, మలంలోంచి దాన్ని తీసి తెచ్చిచ్చే బాధ్యత రోగిది.

ఇరుకు దారులు

పేగులో ఇరుకు ఉంటే క్యాప్సూల్ దాని వెనక చిక్కుకుంటుంది. రెండు వారాల తరవాత కూడా జీర్ణనాళంలోనే ఉండిపోతే దాన్ని ‘నిలిచిపోవడం’గా లెక్కిస్తారు. ఇలా జరగడం మొత్తం పరీక్షల్లో రెండు శాతం లోపు ఉండాలన్నది ప్రమాణం. కానీ ఈ ముప్పు అందరికీ సమానం కాదు. 2017లో వెలువడిన ఒక విస్తృత సమీక్షలో, రక్తస్రావం కోసం పరీక్ష చేయించుకున్నవాళ్లలో 2.1 శాతం మందికి క్యాప్సూల్ నిలిచిపోయింది. క్రోన్స్ వంటి పేగు వాపు వ్యాధులు ఉన్న, లేదా ఉన్నాయని అనుమానించిన వాళ్లలో అది 8.2 శాతం. ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగినవాళ్లలో పేగు లోపల పలచని పొరలు అడ్డుగోడల్లా ఏర్పడతాయి. పొట్టకు రేడియేషన్ తీసుకున్నవాళ్లలోనూ ఇరుకులు ఏర్పడవచ్చు.

భారతదేశంలో ఈ జాబితాకు క్షయను చేర్చాలి. పేగు క్షయ చిన్నపేగు చివరి భాగాన్ని, సీకమ్‌ను పట్టుకుని, మానే క్రమంలో గోడను ముడుచుకుపోయేలా చేస్తుంది. క్యాప్సూల్ కంటికి పేగు క్షయ ఎలా కనిపిస్తుందో వర్ణిస్తూ హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి చెందిన డి. నాగేశ్వర్ రెడ్డి బృందం 2003లోనే ‘ఎండోస్కోపీ’ పత్రికలో రాసింది. పుండ్లు, ఇరుకులు చూడటానికి క్రోన్స్‌లాగే ఉంటాయి. క్యాప్సూల్ ముక్క తీయలేదు కాబట్టి ఫోటోలతోనే రెండింటినీ వేరు చేయడం కష్టం. పొట్టనొప్పి వచ్చి పోతూ, తిన్నాక పేగులు గుడగుడమని, వాంతితోనో గాలి పోవడంతోనో నొప్పి తగ్గుతోందని రోగి చెబితే, క్యాప్సూల్ చేతికివ్వకముందే ఇరుకును అనుమానించాలి. యంత్రాలకంటే ముందు ఆ మాటలు వినడం ముఖ్యం.

అనుమానం ఉన్నవాళ్లకు ఉత్తుత్తి క్యాప్సూల్ ఒకటి ఉంది. పరిమాణంలో అసలు దానిలాగే ఉంటుంది కానీ అందులో కెమెరా ఉండదు. లాక్టోజ్, బేరియం కలిపి చేసిన దాని శరీరం సుమారు 30 గంటల తరవాత కరగడం మొదలవుతుంది. అందువల్ల ఎక్కడైనా ఇరుక్కున్నా కరిగి బయటపడుతుంది. లోపల ఉండే సన్నటి రేడియో గుర్తును బయటి నుంచి స్కానర్‌తో పసిగట్టవచ్చు. 30 గంటలకు అది చెక్కుచెదరకుండా బయటికి వచ్చినా, శరీరంలో స్కానర్‌కు చిక్కకపోయినా దారి తెరిచి ఉందని అర్థం. అప్పుడు నిజమైన క్యాప్సూల్ మింగించవచ్చు. సీటీ స్కాన్‌లో ఇరుకు కనపడనంత మాత్రాన దారి సాఫీగా ఉందని చెప్పలేం. ఫోటోలో ఇరుకు లేకపోవడం వేరు, అంతే పరిమాణమున్న వస్తువు దాటి వెళ్లడం వేరు.

నిలిచిపోయిన క్యాప్సూల్ చాలామందిలో ఏ బాధా కలిగించదు. కొన్నిసార్లు అది ఆగిన చోటే రోగం ఉన్న చోటు కావడంతో వైద్యానికి దారి చూపుతుంది. వాపు తగ్గే మందులతో కొన్ని జారిపోతాయి. లేకపోతే జపాన్‌లో హిరోనోరి యమమోటో ప్రవేశపెట్టిన, 2001లో పత్రికలకెక్కిన జంట బెలూన్ల ఎండోస్కోపుతో తీయవచ్చు. కొందరికి ఆపరేషన్ తప్పదు.

ఎప్పుడు చేయాలి?

రక్తస్రావం విషయంలో తేదీ కూడా నాణ్యతే. ఇటలీలో మార్కో పెన్నాజియో బృందం వంద మంది రోగులపై చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, రక్తం కారుతూ ఉండగా పరీక్ష చేసినవాళ్లలో 92.3 శాతం మందిలో కారణం దొరికింది. గతంలో కారి ఆగిపోయినవాళ్లలో అది 12.9 శాతానికి పడిపోయింది. అదే క్యాప్సూల్, చూసేదీ అదే కన్ను. మధ్యలో పుండు మానిపోయింది, ఉబ్బిన రక్తనాళం ముడుచుకుపోయింది. అందుకే 2019 ప్రమాణాలు 14 రోజుల గడువు పెడితే, ఆ తరవాతి యూరప్ మార్గదర్శకం వీలైతే 48 గంటల్లోపు చేయమంది. పేగు శుద్ధికి సమయం చాలదని ఇలాంటి రోగికి పరీక్షను వారం వాయిదా వేయడం సరికాదు. అప్పుడు శుభ్రత కంటే వేళ ముఖ్యం.

చూసే కన్ను

సెకనుకు రెండు ఫోటోల చొప్పున ఎనిమిది గంటలకు 57,600 ఫోటోలు. వీటిని వీడియోలా సెకనుకు పది చొప్పున నడిపితే చూడటానికి 96 నిమిషాలు పడుతుంది. చిన్న పుండు ఒక్కోసారి ఒకే ఒక్క ఫోటోలో కనపడుతుంది. ఆ వేగంలో అది తెర మీద ఉండేది సెకనులో పదో వంతు. కనురెప్ప వాల్చి తెరిచేలోపు దాటిపోతుంది. సెకనుకు పదికి మించి నడపకూడదన్న నియమం ఇందుకే. డుయోడినమ్ వంటి జారుడు చోట్ల ఇంకా నెమ్మదిగా చూడాలి.

నియమం పాటించినా మనిషి కన్ను అలసిపోతుంది. 2012లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో 17 మంది ఎండోస్కోపీ వైద్యులకు చిన్న చిన్న క్యాప్సూల్ వీడియోలు చూపిస్తే, వాటిలోని లోపాల్లో సగం కూడా సగటున పట్టుకోలేకపోయారు. మరో అధ్యయనంలో, వరుసగా వీడియోలు చూస్తుంటే ఒకటి పూర్తయ్యేసరికే కచ్చితత్వం తగ్గడం మొదలైంది. ఇది ఎవరి అసమర్థతా కాదు. గంటన్నర పాటు ఒకే రకమైన గులాబీ రంగు గొట్టాన్ని చూస్తూ, ఎప్పుడో ఒక్క క్షణం మెరిసే ఎర్రచుక్క కోసం కాచుకోవడం ఏ మనిషికైనా కష్టమే. ఓపీ ముగిశాక, రాత్రి పొద్దుపోయాక, ఫోన్ మోగుతుండగా ఈ పని చేయడం రోగికి అన్యాయం చేయడమే అవుతుంది. వీడియో చూడటానికి విడిగా వేళ కేటాయించాలి, ఒకదాని వెంట ఒకటి చూడకుండా మధ్యలో విరామం ఉండాలి. శిక్షణ పొందిన నర్సులు మొదట చూసి అనుమానాస్పదమైన ఫోటోలను గుర్తు పెడితే, వైద్యుడు వాటిని తేల్చే పద్ధతి కొన్ని దేశాల్లో బాగా పనిచేస్తోంది.

కృత్రిమ మేధ ఈ చోటే పెద్ద మార్పు తెస్తోంది. 2019లో చైనాలోని 77 ఆస్పత్రుల నుంచి 6,970 మంది రోగుల ఫోటోలతో జరిగిన అధ్యయనంలో, కంప్యూటర్ ముందుగా ఏరి ఇచ్చిన ఫోటోలను చూసిన వైద్యులు లోపాలున్న రోగుల్లో 99.88 శాతం మందిని గుర్తించారు. మామూలుగా మొత్తం వీడియో చూసినప్పుడు అది 74.57 శాతం. చూడటానికి పట్టిన సగటు సమయం 96.6 నిమిషాల నుంచి 5.9 నిమిషాలకు తగ్గింది. 2024లో యూరప్ కేంద్రాల్లో రక్తస్రావం అనుమానించిన రోగులపై జరిగిన అధ్యయనంలో చిన్నపేగు ఫోటోలు చూసే సమయం 33.7 నిమిషాల నుంచి 3.8 నిమిషాలకు తగ్గింది. ఈ అంకెలు ఆశ కలిగించేవే. అలసిపోని కన్ను ఒకటి తోడుగా ఉండటం రోగికి నిజమైన మేలు. కానీ మలినంతో కప్పుకున్న గోడలో, చేరని చిన్నపేగు కొసలో ఏముందో ఏ కంప్యూటరూ చెప్పలేదు. ముందు చెప్పుకున్న ఏర్పాట్ల అవసరాన్ని అది తగ్గించదు.

రిపోర్టులో ఏముండాలి?

జీర్ణాశయం, డుయోడినమ్, సీకమ్‌ల మొదటి ఫోటోలు ఏ నిమిషంలో వచ్చాయో, పేగు ఎంత శుభ్రంగా ఉందో, పరీక్ష సీకమ్ దాకా పూర్తయిందో లేదో రిపోర్టులో తప్పనిసరిగా ఉండాలి. ఈ వివరాలు లేని ‘నార్మల్’ రిపోర్టును తరవాత చూసే వైద్యుడు నమ్మలేడు, కాదనలేడు. కనిపించినదాన్ని అందరికీ ఒకే అర్థమిచ్చే మాటల్లో రాయడానికి ప్రామాణిక పదజాలం ఉంది. క్రోన్స్ వాపు తీవ్రతకు లూయిస్ స్కోరు అనే లెక్క ఉంది. దాని ప్రకారం 135 లోపు అయితే చెప్పుకోదగ్గ వాపు లేనట్టు, 790 దాటితే తీవ్రమైనట్టు.

పరీక్ష పూర్తి కావడం లోపం ఎక్కడుందో చెప్పడానికి కూడా అవసరం. క్యాప్సూల్‌కు మైలురాళ్లు లేవు, కాలమే దానికి కొలత. డుయోడినమ్ నుంచి సీకమ్ దాకా పట్టిన మొత్తం సమయంలో రక్తం కారే చోటు ఎన్నో వంతులో కనపడిందో లెక్కగట్టి, తరవాతి ఎండోస్కోపును నోటి నుంచి పంపాలా, మలద్వారం నుంచి పంపాలా అని నిర్ణయిస్తారు. సీకమ్ చేరకపోతే మొత్తమెంతో తెలియదు కాబట్టి వంతు కూడా తెలియదు. లోపం కనపడినా దాని చిరునామా దొరకదు.

పరీక్ష అసంపూర్ణమైతే వెంటనే మరో క్యాప్సూల్ మింగించడం ప్రతిసారీ అక్కర్లేదు. రక్తస్రావానికి కారణం పేగు మొదట్లోనే దొరికి ఉంటే చికిత్స మొదలుపెట్టవచ్చు. ఏమీ దొరకకుండానే ఆగిపోయి ఉంటే, ఎందుకు ఆగిందో ముందు తేల్చాలి. జీర్ణాశయంలో ఆలస్యమే కారణమైతే రెండోసారి క్యాప్సూల్‌ను ఎండోస్కోపుతో నేరుగా డుయోడినమ్‌లోకి చేర్చాలి. ఒకే చోట గంటల తరబడి అవే ఫోటోలు వస్తే ఇరుకును అనుమానించి సీటీ ఎంటరోగ్రఫీ (చిన్నపేగుకు చేసే సీటీ స్కాన్) చేయాలి. సీకమ్ ఫోటో రాలేదు, క్యాప్సూల్ బయటికి పోవడం రోగి చూడలేదు అంటే రెండు వారాల తరవాత పొట్టకు ఎక్స్‌రే తీయించాలి. అది బయటపడిందని రూఢి అయ్యేదాకా ఆ రోగికి ఎంఆర్ఐ స్కాన్ చేయకూడదు. ఈ హెచ్చరికను రోగి చేతికి ఇచ్చే కాగితం మీదనే రాయాలి, ఎందుకంటే ఈలోగా మోకాలి నొప్పికో నడుము నొప్పికో ఎంఆర్ఐ రాసే వైద్యుడికి అతను క్యాప్సూల్ మింగిన సంగతి తెలియదు.